తొమ్మిదో షరతు

మగ చెట్లు పీకే రోజు మా నాన్న ఎవరితోనూ సరిగా మాట్లాడడు. అడిగితే నడుం నొప్పి అంటాడు. అది నడుం నొప్పి కాదని మా అమ్మకూ తెలుసు, నాకూ తెలుసు.

మాది గద్వాల దగ్గర, మల్దకల్ పోయే దారిలో ఒక ఊరు. మా ఊళ్లో పత్తి వేస్తే అది బట్టకు కాదు, విత్తనానికి. కంపెనీ రెండు రకాల గింజలు ఇస్తుంది. వాటికి పేర్లుండవు, నంబర్లే. ఒక రకం ఆడ సాళ్లలో, ఇంకో రకం మగ సాళ్లలో వేయాలి. సాయంత్రం ఆడ మొగ్గలు గిల్లిపెట్టి, తెల్లారి మగ పువ్వు తెచ్చి వాటికి అద్దాలి. మావాళ్లు దాన్ని క్రాసింగ్ అంటారు. క్రాసింగ్ ముగిశాక సూపర్‌వైజర్ వచ్చి గట్టు మీద నిలబడతాడు. అతని కళ్ల ముందే మగ చెట్లన్నీ వేర్లతో సహా పీకి కుప్ప వేయాలి. ఆడదీ మగదీ రెండూ రైతు దగ్గర మిగిలితే వచ్చే ఏడు ఆ విత్తనం రైతే చేసుకుంటాడని కంపెనీ భయం. నేల మాది, నీళ్లు మావి, వంగిన నడుములు మావి. విత్తనం కంపెనీది కాబట్టి పంటంతా కంపెనీది. ఇందులో ఆలోచించాల్సింది ఏమైనా ఉందని మా ఊళ్లో ఎవరూ అనగా నేను వినలేదు.

రెండువేల ఆరులో, సరిగ్గా మా చేన్లో మగ చెట్లు పీకుతున్న రోజునే, నాకు రాఘవేందర్ నుంచి ఫోన్ వచ్చింది.

రాఘవేందర్ సీడ్ ఆర్గనైజర్. కంపెనీకీ రైతులకూ మధ్య మనిషి. ఏ రైతుకు ప్లాట్, అంటే సీడ్ పత్తి వేసే అవకాశం, ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో ఆయనే చెబుతాడు. మా నాన్న జంగయ్య ఆయన కింద ఏళ్ల తరబడి సీడ్ పత్తి వేస్తున్నాడు. మా అమ్మవాళ్ల ఊరి మనిషే కావడంతో నేను ఆయన్ని అన్నా అంటాను, ఆయన నన్ను చెల్లె అంటాడు. ఆ రోజు మాత్రం చెల్లె అనలేదు.

"నవనీతా, నా ప్రోగ్రాం వనపర్తి హమీద్ సాబ్‌కు ఇచ్చినవంట. నిజమేనా?"

నా చెవి "నా ప్రోగ్రాం" దగ్గరే ఆగిపోయింది. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా అమ్మ ఊరికే అనదు.

"హమీద్ సాబ్‌కు ఇచ్చిన మాట నిజమే అన్నా. కానీ అది మీ ప్రోగ్రాం ఎట్లయితది?" అన్నాను.

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది.

ఆ ప్రోగ్రాం సంగతి చెప్పాలి. నేను ఎంసీఏ చదివి గద్వాల పాత బస్టాండు దగ్గర ఒక మేడ మీద కంప్యూటర్ సెంటర్ పెట్టుకున్నాను. పిల్లలకు టైపింగూ కోర్సులూ నేర్పడం, బయోడేటాలు కొట్టడం నా బతుకు. రాఘవేందర్ ఒకసారి బయోడేటా పనిమీదే వచ్చి, తన కష్టం చెప్పుకున్నాడు. ఏ ఊళ్లో ఏ రైతు ఏ రోజు ఆడ గింజ వేశాడు, మగ గింజ వేశాడు, సూపర్‌వైజర్ ఎప్పుడు పోయి చూశాడు, ఏ సంచి మీద ఏ లాట్ నంబరు వేశారు, ఆ లాట్ కంపెనీ పరీక్షలో పాసైందా ఫెయిలైందా. ఇవన్నీ కలగాపులగమై ఆయనకు తల తిరిగిపోతోంది. "కంప్యూటర్ల ఎక్కియ్యొచ్చా చెల్లె?" అని అడిగాడు. నేను ఒక సీజనంతా కూర్చుని రాశాను. సూపర్‌వైజర్లతో చేల వెంట తిరిగాను. ఒక బటన్ నొక్కితే రేపు ఎవరి చేన్లో చెకింగ్ ఉందో ఊరువారీగా వచ్చేలా చేసిన రోజు సంతోషంతో నా సెంటర్లో పిల్లలందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాను. రాఘవేందర్ ఒప్పుకున్నది ఇచ్చాడు. అందులో పేచీ లేదు. ఆ ప్రోగ్రాం ఎవరిదని మాత్రం ఇద్దరమూ ఒక్కసారి కూడా అనుకోలేదు. అనుకోవాలని ఇద్దరికీ తట్టలేదు. ఈలోగా వనపర్తి వైపు సీడ్ పత్తి వేయించే హమీద్ సాబ్ అడిగితే ఆయనకూ ఒకటి ఇచ్చాను.

మరునాడు ఆయన ఆఫీసుకు పోయాను. గోదాం ముందు చిన్న గది అది. లోపలంతా పురుగుమందు వాసన.

"ముందుగాల ఇది చెప్పు. నా రైతుల పేర్లు హమీద్ చేతికి పోయినయా?" అన్నాడు. మొహం వాడిపోయి ఉంది. అప్పుడర్థమైంది నాకు ఆయన నిజంగా దేనికి భయపడుతున్నాడో. మంచి రైతులెవరో తెలిస్తే అవతలివాళ్లు ఎగరేసుకుపోతారు.

"ఒక్క పేరు కూడా పోలేదన్నా. మీ వివరాలన్నీ తీసేసి, ఖాళీ ప్రోగ్రాం ఇచ్చిన. కావాలంటే ఆయన దగ్గరికి పోయి చూద్దాం రాండ్రి."

కాస్త ఊపిరి పీల్చుకున్నాడు గానీ తగ్గలేదు. "అయినా ఎట్లిస్తవు? ఏ రోజు ఏం జేయాలె, చెకింగ్‌కు ఎన్నిసార్లు పోవాలె, లాట్ నంబరు ఎట్లెయ్యాలె, అన్నీ నేను చెప్పిన. ఆ ఇల్మంత నాది, ఆ తెలివంత నాది. విత్తనం నేనిచ్చిన. నువ్వు దున్నినవు, పండించినవు, దానికి తీసుకునేది తీసుకున్నవు. విత్తనం ఎవరిదైతే పంట వాళ్లది. ఇది నీకు తెల్వదా? జంగయ్య బిడ్డవు గదా!"

ఆయన నన్ను మోసం చేయాలని ఆ మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. పుట్టినప్పటి నుంచి చూసిన లెక్క అది. నేనూ చూసినదే. ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది, ఆయనదే నిజమేమోనని.

"సరే, అయిందేదో అయింది. నీ కంప్యూటర్ల ఉన్నదంత తీసెయ్. నాకొక సీడీల ఇచ్చి, నీ దగ్గర ఏం మిగలకుంట పీకెయ్. పెంటయ్యను పంపుత, ముందల కూసొని చూస్తడు."

పెంటయ్య ఆయన దగ్గర సూపర్‌వైజర్. ముందురోజు మా చేన్లో గట్టు మీద నిలబడి మగ చెట్లు పీకించింది అతనే.

నిజంగానే వచ్చాడు పెంటయ్య. తలకు రుమాలు, చేతిలో గొడుగు. మేడ మెట్లెక్కి వచ్చి, కుర్చీ లాక్కుని, నా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. టైపింగ్ చేస్తున్న పిల్లలు నవ్వాపుకోలేక మొహాలు తిప్పుకున్నారు.

"పీకున్రి మేడం, సారు చూసి రమ్మన్నడు" అన్నాడు చాలా మర్యాదగా.

"ఏది పీకమంటవు పెంటయ్యా? దీంట్ల ఒకటుంది. బీరువాల సీడీ ఉంది. ఇంట్ల ఇంకో సీడీ ఉంది. నా తలకాయల ఒకటుంది."

అతను తెరవైపు చూశాడు, బీరువావైపు చూశాడు, చివరికి నా తలవైపు కూడా చూశాడు. "గట్లయితే ఎట్ల మేడం? పీకినంక మళ్ల మొలుస్తదా ఇది?"

"మొలుస్తది."

"మరి చేన్ల లెక్క కాదన్నట్టు" అని పెద్ద పరేషాన్‌లో పడ్డాడు. సారు చూసి రమ్మన్నాడు కాబట్టి పోకుండా మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాడు. నేను పాఠం చెబుతుంటే విన్నాడు. టీ తెప్పిస్తే తాగాడు. పోతూ పోతూ, "పీకలేదని చెప్త మేడం. అబద్ధం చెప్పరాదు గదా" అన్నాడు. అతనిమీద నాకు కోపం రాలేదు.

ఆ వారం గడవకముందే మా నాన్నకు కబురు వచ్చింది. వచ్చే ఏడు ప్లాట్ ఉంటుందో ఉండదో ఇప్పుడే చెప్పలేమని.

మా ఇంట్లో సీడ్ పత్తి లేకపోతే ఏముంటుందో నాకు తెలుసు. ఒకప్పుడు నాన్న కూడా మేస్త్రీ వెంట వలస పోయినవాడే. అమ్మ రేణుకమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే అంది. "ఇచ్చెయ్యరాదే బిడ్డా. నీకు చేతనైతది గదా, మళ్ల రాసుకుంటవు."

"రాసుకుంటనే. మళ్ల అది కూడా నాదే అంటడు. అప్పుడేం జేస్త?"

నాన్న అన్నం తింటున్నాడు. తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, ఒక ప్రశ్న వేశాడు. "నీ దాంట్ల ఆడ సాలు ఏది, మగ సాలు ఏది?"

నాకు నవ్వొచ్చింది, కానీ ఆయన నవ్వడం లేదు. చెప్పాను. నేను రాసిన రాత ఒకటి ఉంటుంది, దాన్ని సోర్స్ అంటారు. దాన్నుంచి తయారైన ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. ప్రోగ్రాం వాడుకోవడానికి పనికొస్తుంది గానీ దాంతో ఇంకొకటి తయారు చేయలేరు. రాత ఉంటే ఎన్నయినా చేయొచ్చు, మార్చొచ్చు.

"రాఘవేందర్ సారుకు ఏదిచ్చినవు?"

"ప్రోగ్రామే ఇచ్చిన. రాత నా దగ్గర్నే ఉంది."

"అంటే దుకాణంల అమ్మే ప్యాకెట్ విత్తనం ఇచ్చినవు. తల్లీతండ్రి గింజలు నీ దగ్గరున్నయి." తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. "ప్లాట్ సంగతి నేన్ జూస్కుంట. నీది నువ్వు జూస్కో" అన్నాడు.

ఆ మాటతో నాకు ధైర్యం రావాలి. రాలేదు. భయమేసింది. నా మొండితనానికి ఆయన చేను మూల్యం కావచ్చని అప్పుడు స్పష్టంగా కనబడింది.

ఆత్మకూరులో బస్సు మారి వనపర్తి పోయాను. అబ్దుల్ హమీద్ గారికి అక్కడ విత్తనాల దుకాణం, అమరచింత వైపు కొందరు సీడ్ రైతులు. సంగతి వినగానే ఆయన చేతిలో ఉన్న బిల్లుల కట్ట పక్కన పెట్టేశాడు.

"బేటీ, ఇది గొడవ మాల్ అయితే నాకొద్దు. వాపస్ తీస్కపో. ఒకని హక్కు తిన్న పేరు నాకొద్దు."

"హక్కు ఎవరిదో తెల్సుకుందామనే వచ్చిన చాచా."

ఆయన తమ్ముడి కూతురు సమీనా వనపర్తి కోర్టులో వకీలు. దుకాణం వెనకే ఇల్లు. నల్లకోటు కుర్చీకి తగిలించి, చపాతీ తింటూ నా కథ అంతా విన్నది.

"నువ్వు ఆయన దగ్గర జీతానికి పని చేసినవా?"

"లేదు. నా సెంటర్ల నేను రాసిన."

"ప్రోగ్రాం ఆయనదే అని కాయితం రాసిచ్చినవా?"

"ఏ కాయితం లేదు."

"అయితే కాపీరైట్ నీదే. కథ రాసినోనికి కథ మీద ఎట్ల హక్కుంటదో, ప్రోగ్రాం రాసినోళ్లకు గట్లనే. చట్టంల రెండిటికీ ఒకటే చోటు. రిజిస్టర్ చేయించకపోయినా ఉంటది. చేయిస్తే రేపు కోర్టుల సాక్ష్యానికి మంచిది."

కథ రాసినట్టా! మా ఊళ్లో నన్ను అందరూ కంప్యూటర్ రిపేర్ చేసే పిల్ల అంటారు.

"కానీ ఆయన చెప్పిన ఇల్మం మాటేంది?" అని అడిగాను. నాకు అది ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

"ఇల్మానికి కాపీరైట్ లేదు. ఆలోచనకు లేదు. రాసిన రాతకే. అదే ఇల్మం వాడి ఆయన ఇంకొకరితోని కొత్తగా రాయించుకోవచ్చు, నువ్వు ఆపలేవు. మరి రైతుల వివరాలు ఆయనవి, వాటి జోలికి నువ్వు పోరాదు. రెండిటి నడుమ ఒక గట్టు వెయ్యి, కాయితం మీద." ఇంత చెప్పి, నీళ్లు తాగి, నెమ్మదిగా అడిగింది. "నువ్వు ప్రోగ్రాం రాయనీకి వాడినవు చూడు, ఆ సాఫ్ట్‌వేర్ కొన్నదేనా?"

హైదరాబాదు ఫుట్‌పాత్ మీద దొరకని సీడీ లేని రోజులవి. నా సెంటర్‌తో సహా ఊళ్లో ఏ సెంటర్‌లోనూ కొన్న సాఫ్ట్‌వేర్ ఉండేది కాదు.

"కోర్టుకు పోతే అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న అదే. ముందు నీ ఇల్లు ఊడ్చుకో" అంది సమీనా. నా వెంట వచ్చిన హమీద్ చాచా గడ్డం నిమురుకుంటూ నవ్వాపుకున్నాడు.

సిగ్గేసింది, కోపం వచ్చింది, చివరికి కొన్నాను. అసలు ప్యాకెట్ పోస్టులో వచ్చిన రోజు దాని మీదున్న షరతులన్నీ మొదటిసారి చదివాను. ఎవడో ఎక్కడో కూర్చుని రాసిన రాతకు వాడు ఎంత కంచె కట్టుకున్నాడో చూసి ఆశ్చర్యపోయాను. నాకు మాత్రం ఒక ముళ్లకంప కూడా లేదు.

చలికాలం పోయింది. రాఘవేందర్ నాతో మాట్లాడలేదు, నాన్నకు ప్లాట్ మాట చెప్పలేదు. ఉగాది దాటాక మాత్రం ఆయనకు నా అవసరం పడింది. కొత్త సీజన్ తెరవాలంటే ప్రోగ్రాంలో మార్పులు చేయాలి. కంపెనీ ఆ ఏడు లాట్ నంబర్ల పద్ధతి మార్చేసింది. ఆయన హైదరాబాదు నుంచి ఒక కంప్యూటర్ మనిషిని పిలిపించాడట. అతను చూసి, రాత లేకుండా ఏమీ చేయలేనని చెప్పి, బిర్యానీ తిని వెళ్లిపోయాడట. ఇది నాకు పెంటయ్యే చెప్పాడు.

గోదాం ముందు గదిలో మళ్లీ ఎదురెదురుగా కూర్చున్నాం.

"ఏం జేద్దమంటవు చెల్లె?" అన్నాడు. చెల్లె తిరిగొచ్చింది.

దీనికి చెప్పాల్సిన జవాబు నేను బస్సుల్లో, సెంటర్లో, నిద్రపట్టనప్పుడు మనసులో ఎన్నిసార్లు అప్పజెప్పుకున్నానో. "అన్నా, కంపెనీ మీ రైతులతోని మగ చెట్లు ఎందుకు పీకిస్తది?"

"తల్లీతండ్రి విత్తనం బయటికి పోవద్దని."

"మరి రైతు దుకాణంల కొనే ప్యాకెట్‌తోని తల్లీతండ్రిని కూడా ఇస్తదా?"

"ఎందుకిస్తది?"

"నేనూ గంతే. మీకు ప్యాకెట్ ఇచ్చిన. వేస్కోన్రి, పండించుకోన్రి, ఎన్నేండ్లయినా వాడుకోన్రి. తల్లీతండ్రి నా దగ్గర ఉంటయి. ఈ ఒక్క దాంట్ల కంపెనీ నేను, రైతు మీరు."

రాఘవేందర్ మొహం ఎర్రబడింది. తనను రైతు అనడం ఆయన ఊహించలేదు. లేచి కిటికీ దాకా పోయాడు. అక్కడ నిలబడి, ముందు చిన్నగా, తరువాత పగలబడి నవ్వాడు.

"జంగయ్య బిడ్డవే. సరే, కాయితం రాస్కరా. గద్వాల తాలూకాల నాకు పోటీ ఉన్నోళ్లకు జర రెండేండ్లు ఇయ్యకు. అవతల వనపర్తికిచ్చుకో, నాగర్‌కర్నూలుకిచ్చుకో, కోడేరుకిచ్చుకో. నా రైతుల పేర్లు మాత్రం బయటపడొద్దు."

అది న్యాయమైన మాట. ఒప్పుకున్నాను. గెలిచాననే అనుకున్నాను. మెట్లు దిగుతుంటే కాళ్లు నేల మీద లేవు.

ఒప్పందం రాయడానికి కూర్చున్నప్పుడు మొదటి తంటా. నాకు ఒప్పందాలు ఎలా ఉంటాయో తెలియదు. సమీనా కొన్ని షరతులు చెప్పింది. మిగతావాటికి రెండు కాగితాలు ముందు పెట్టుకున్నాను. ఒకటి పోస్టులో వచ్చిన సాఫ్ట్‌వేర్ ప్యాకెట్‌ది. రెండోది మా నాన్న ఏటా సంతకం పెట్టే సీడ్ ఒప్పందం. చిత్రం ఏమంటే రెండూ అన్నదమ్ముల్లా ఉన్నాయి. కాపీ చేయకూడదు, ఇతరులకు ఇవ్వకూడదు, హక్కులన్నీ మావే. నాకు భలే సంతోషమేసింది. కంపెనీ భాష నాకూ వచ్చేసింది! రెంటిలోంచీ నాకు కావలసినవి తీసుకుని చక్కగా టైపు చేసి, ప్రింటు తీసి, ఊరికి తీసుకుపోయాను. సాక్షి సంతకం నాన్నతో పెట్టించాలని నా కోరిక.

నాన్న ఏడో తరగతి దాకా చదివాడు. అరుగు మీద కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కో షరతూ పెదవులు కదుపుతూ చదివాడు. తొమ్మిదో షరతు దగ్గర ఆగిపోయాడు.

"ఇది మా కాయితంలదే గదా?"

"అన్ని కాయితాలల్ల ఉంటది నాన్నా."

తొమ్మిదో షరతు ఇది. ప్రోగ్రాంలో ఉన్న ఎటువంటి లోపం వల్లనైనా కలిగే నష్టానికి రచయిత బాధ్యత వహించరు. మా నాన్న కాగితంలో ప్రోగ్రాం బదులు విత్తనం అనీ, రచయిత బదులు కంపెనీ అనీ ఉంటుంది. అంతే తేడా.

"నీ దాంట్ల తప్పు ఉంటే ఏమైతది?" అన్నాడు.

"ఏముంది, ఒక లాట్ నంబరు అటిటు పడొచ్చు. సరి చేస్త."

"అటిటు పడితే నా సంచులు పక్క చేను నాగన్న పేరు మీద పడ్తయి. ఆయన ఫెయిల్ నా నెత్తికొస్తది. అట్లనేనా?"

మా ఇంట్లో ఫెయిల్ అన్న మాట పైకి ఎవరూ అనరు. నేను ఇంటర్ చదువుతున్నప్పుడు ఒక ఏడు మా లాట్ మొత్తం ఫెయిలైంది. కంపెనీ ఇచ్చిన మగ గింజల్లోనే కల్తీ ఉందని చుట్టుపక్కల చేలు చూసినవాళ్లందరికీ తెలుసు. కాగితం ప్రకారం కంపెనీకి బాధ్యత లేదు. ఆ ఏడు మా ఎడ్లు అమ్ముడుపోయాయి. వాటిని తోలుకుపోతుంటే అమ్మ ఇంట్లోంచి బయటికి రాలేదు.

"ప్రపంచంల ప్రతి సాఫ్ట్‌వేర్ కంపెనీ గిట్లనే రాస్తది నాన్నా" అన్నాను, గొంతు కాస్త పెంచి.

"రాస్తరు. అందుకే అడిగిన" అని, కాగితం మడిచి నా ఒళ్లో పెట్టి, బర్రెకు మేత వేయడానికి లేచి వెళ్లాడు.

నాకు ఎంత కోపం వచ్చిందో! మొత్తం గెలిచి వచ్చిన మనిషిని పట్టుకుని ఒక్క వాక్యం దగ్గర ఓడిస్తాడా? నేను దొంగతనం చేశానా? నా సొత్తు కాపాడుకోవడానికి కంచె కట్టుకున్నాను, అంతే కదా. కానీ ఎంత కోప్పడ్డా ఆ షరతు వైపు చూడబుద్ధి కాలేదు. నా రాత నాది అన్నప్పుడు అందులో తప్పు మాత్రం ఎవరిదో ఎట్లా అవుతుంది? హక్కు నాదై, నష్టం మా నాగన్న మామదా? అరుగు మీద కూర్చునే పెన్ను తీసి తొమ్మిదో షరతును అడ్డంగా కొట్టేశాను. పక్కన చేత్తో రాశాను. తప్పు నా రాతలో ఉందని తేలితే సరిదిద్దడం నా బాధ్యత. దానివల్ల ఏ రైతు లాట్ అయినా తప్పుగా ఫెయిలైతే మళ్లీ పరీక్ష చేయించే ఖర్చూ నాదే.

ఫోన్‌లో చెబితే సమీనా నెత్తి కొట్టుకుంది. "పిచ్చిదానివి! ఎవరన్నా రాస్తరా గట్ల?" అంది. మళ్లీ తనే, "సంతకం మాత్రం ఆ కొట్టేసిన చోట కూడా పెట్టించు" అంది.

సంతకాల రోజు గోదాం ముందు రైతులు బారులు తీరి ఉన్నారు. తల్లీతండ్రి విత్తనం ఇచ్చే రోజు అది. ఒక్కొక్కరు లోపలికి వచ్చి, అచ్చు కాగితం మీద సంతకమో వేలిముద్రో వేసి, రెండు నంబర్ల ప్యాకెట్లు తీసుకుపోవాలి. మా నాన్న కూడా వరసలో ఉన్నాడు. నా పంచాయితీ తెగింది కాబట్టి ఆయనకు ప్లాట్ ఇచ్చారు.

రాఘవేందర్ ముందుగా నా కాగితం చదివాడు. కొట్టేసిన చోట వేలు పెట్టాడు. "ఇదేంది?"

"తప్పు నాదైతే భారం నాది అన్నా."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఇంతమందితోని ఒప్పందం చేస్కున్న, గిట్ల రాసినోళ్లను చూడలే. మంచిగుంది. ఇది చాన మంచిగుంది" అని నలుగురికీ వినబడేలా అని, కొట్టేసిన గీత మీద కూడా తన సంతకం గీకాడు. నాన్న వరసలోంచి వచ్చి సాక్షి సంతకం పెట్టి, మళ్లీ తన చోటికి పోయి నిలబడ్డాడు.

ఆయన వంతు వచ్చింది. పెంటయ్య అచ్చు కాగితం ముందు పెట్టి, పెన్ను అందించి, ఎక్కడ సంతకం చేయాలో వేలితో చూపించాడు. నాన్న కళ్లద్దాలు పెట్టుకున్నాడు. పెదవులు కదుపుతూ చదివాడు. పెన్ను మూత తీసి, నెమ్మదిగా, పంక్తి తప్పకుండా, తొమ్మిదో షరతును కొట్టేశాడు. అప్పుడు కింద సంతకం పెట్టాడు.

పెంటయ్య నోరు తెరిచాడు. రాఘవేందర్ కుర్చీలోంచి సగం లేచాడు.

"జంగయ్యా! ఏం జేస్తున్నవు?"

"మా బిడ్డ కాయితంల కొట్టేసినదే సారూ. ఆడ మంచిగుంది అన్నరు గదా."

"అది వేరే, ఇది వేరే. ఇది కంపెనీ కాయితం. నా చేతుల ఏం లేదు."

"కంపెనీకే పంపున్రి. ఒప్పుకోకుంటే వాపస్ రానీయున్రి."

"ఇన్నేండ్లు సంతకం పెట్టినవు గదా, ఎన్నడన్న చదివినవా?" రాఘవేందర్ గొంతులో కోపం కంటే బెదురే ఎక్కువ వినిపించింది.

"ఏటా చదివిన సారూ. కొట్టెయ్యొచ్చని తెల్వదు."

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంత చదువు చదివి, చట్టం తెలుసుకుని, వనపర్తి దాకా తిరిగి నేను సంపాదించుకున్న హక్కు ఎంతదో, ఆ మాట విన్నాకే నాకు తెలిసింది. ఏం చేయాలో తోచక నాన్న పక్కకు పోయి నిలబడ్డాను.

రాఘవేందర్ ఆ కాగితాన్ని తీసుకోలేదు, చించలేదు. బల్ల మీద అలాగే ఉంది. బయట వరసలో నాన్న వెనక నిలబడ్డ నాగన్న మామ చొక్కా జేబు తడుముకుని కళ్లద్దాలు తీశాడు. అవి తువ్వాలతో తుడుచుకుంటూ గడప దాటి లోపలికి వచ్చాడు.

"ఏ లైను జంగన్నా?" అన్నాడు. "జర సూపియ్యి."